పాత వెండి రూపాయి చేతికొస్తే: ముందు చదవండి, తర్వాత తూచండి, ఆఖర్న వెల కట్టండి

విశాఖలో పాత వెండి బిళ్ళలు ఎక్కువగా బయటపడేది ఇల్లు ఖాళీ చేసేటప్పుడే. డాబా పడగొట్టి అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేటప్పుడు బీరువా అడుగునో, పెద్దావిడ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతలోనో ఒక చిన్న మూట దొరుకుతుంది. విప్పితే పది, పదిహేను రూపాయి బిళ్ళలు, రెండు పావలాలు, పసుపు అంటిన ఒక అర్ధరూపాయి. వారం తిరిగేసరికి ఆ మూట కురుపాం మార్కెట్‌లోని ఏదో ఒక వెండి కొట్టుకి చేరి తూకానికి పడిపోతుంది. ఆ వ్యాపారి తప్పేమీ లేదు. మనం వెండి అని చెప్పి ఇస్తున్నాం, ఆయన వెండి అనే కొంటున్నాడు. కానీ కరిగిపోయిన బిళ్ళ మీద ఏ సంవత్సరం ఉందో, ఏ టంకశాల గుర్తు ఉందో మళ్లీ ఎవరూ చెప్పలేరు. పట్టీలుగా మారిపోయిన నాణేన్ని వెనక్కి తేలేం.

అందుకే ఈ పనికి ఒక వరస ఉంది. బిళ్ళను చదవాలి, తర్వాత తూచాలి, ఆ తర్వాతే ధర మాట. ఈ వరస తప్పితే నష్టం మీదే.

చేతిలోకి రాగానే: తోమకండి

నల్లగా ఉన్న బిళ్ళ చూడగానే మనవాళ్ల చెయ్యి చింతపండు మీదకో, పీతాంబరి డబ్బా మీదకో పోతుంది. టూత్‌పేస్టు, నిమ్మకాయ, విభూతి, వంటసోడా, వెండి సామాన్లకు వాడే ద్రావకం, ఇవేవీ వద్దు. ఆ నలుపు వెండి గాలిలోని గంధకంతో కలిసి ఏళ్ల తరబడి కట్టిన పొర. దాన్ని గీకితే కింద ఉన్న లోహం కూడా సన్నగా లేస్తుంది, పైన వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. సేకరించేవాళ్లు భూతద్దం పెట్టగానే ఆ గీతలు కనిపెడతారు. నల్లగా ఉన్న మంచి బిళ్ళకు వచ్చే ధర, తోమి తళతళలాడించిన బిళ్ళకు రాదు.

పూజలో ఉన్న బిళ్ళ అయితే పసుపు, కుంకుమ, నూనె జిడ్డు ఉంటాయి. అంతవరకు తీయొచ్చు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, ఇంకో గిన్నెలో డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మెత్తని నూలుగుడ్డ మీద పెట్టి అద్దండి. రుద్దొద్దు. జిడ్డు మొండిగా ఉంటే స్వచ్ఛమైన ఎసిటోన్‌లో కొద్దిసేపు ఉంచవచ్చు. అది నూనెను వదిలిస్తుంది, వెండిని ముట్టుకోదు. రంగు, వాసన కలిపిన నెయిల్ పాలిష్ రిమూవర్ ఈ పనికి పనికిరాదు. ఎసిటోన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో దీపం, పొయ్యి లేకుండా చూసుకోండి.

పట్టుకునేటప్పుడు అంచుల దగ్గరే పట్టుకోండి. మన ఊళ్లో చేతికి చెమట, ఉప్పు ఎప్పుడూ ఉంటాయి. ముఖం మీద వేలిముద్ర పడితే కొన్ని నెలలకు అది అక్కడే మచ్చగా తేలుతుంది.

చదవడం

మంచి వెలుతురు, పది రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం, ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. ప్రతి బిళ్ళకూ నాలుగు సంగతులు రాయాలి. ముందు వైపు ఎవరి బొమ్మ, చుట్టూ ఏం రాసి ఉంది, ఏ సంవత్సరం, టంకశాల గుర్తు ఉందా లేదా.

విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి మన ఇళ్లలో దొరికేవి చాలావరకు బ్రిటిష్ ఇండియా రూపాయలే. వాటి వరస ఇది. 1835లో ఈస్టిండియా కంపెనీ దేశమంతటికీ ఒకే రకం రూపాయి తెచ్చింది, దాని మీద నాలుగో విలియం తల ఉంటుంది. 1840 తేదీతో విక్టోరియా వచ్చింది, అప్పటికి ఆమె తల మీద కిరీటం లేదు. ఈ 1840 రూపాయిలో రెండు రకాలు ఉన్నాయి. ఒకదానిలో ‘విక్టోరియా క్వీన్’ అనే అక్షరాలు తల చుట్టూ ఏకబిగిన సాగుతాయి, ఇంకోదానిలో తలకు అటొక మాట, ఇటొక మాటగా విడిపోతాయి. మీ దగ్గర ఏది ఉందో తప్పకుండా రాసుకోండి, ఎందుకంటే రెండింటినీ వేర్వేరు నాణేలుగానే లెక్కపెడతారు.

1862 నుంచి కిరీటం పెట్టుకున్న రాణి. 1876 వరకు ‘క్వీన్’, 1877 నుంచి 1901 వరకు ‘ఎంప్రెస్’. ఆ తర్వాత 1903 నుంచి 1910 దాకా ఏడో ఎడ్వర్డు. ఆయన తల మీద కిరీటం ఉండదు, బట్టతల, గడ్డం కనిపిస్తాయి. కిరీటం బిళ్ళ వెనక వైపు ఉంటుంది. 1911 నుంచి ఐదో జార్జి. 1938 తేదీ నుంచి ఆరో జార్జి.

ఇక్కడ 1862 గురించి కాస్త ఆగి చెప్పాలి. మూటల్లో ఎక్కువగా దొరికే విక్టోరియా బిళ్ళ ఇదే, అందుకే ‘ఇది మామూలుదే’ అని పక్కన పడేస్తారు. అసలు సంగతి ఏమిటంటే, 1862 తర్వాత 1874 వరకు టంకశాలలు తేదీ మార్చకుండా అదే అంకె మీద రూపాయలు కొడుతూ వచ్చాయి. అంటే మీ చేతిలోని 1862 బిళ్ళ నిజంగా 1870లో తయారై ఉండవచ్చు. బొంబాయి బిళ్ళల మీద వెనక వైపు తేదీ దగ్గర చిన్న చిన్న చుక్కలు పెట్టారు. ఏ సంవత్సరపు బిళ్ళో గుర్తు పట్టడానికే ఆ చుక్కలు. రాణి జాకెట్టు మీది పూల నమూనాలోనూ, వెనక పూలతీగలోనూ తేడాలు ఉన్నాయి. చుక్కల లెక్క మారితే ధర మారుతుంది. ఒకేలా కనిపించే పది 1862 బిళ్ళలు ఉంటే భూతద్దం కింద ఒక్కొక్కటీ పెట్టి చుక్కలు లెక్కపెట్టండి. ఓపిక కావాలి, కానీ ఈ మొత్తం పనిలో ఆనందం దొరికేది ఇక్కడే.

1911 రూపాయికి మన దేశంలో పెద్ద కథే ఉంది. జార్జి రాజు అంగీ మీద వేలాడే హారంలో ఒక ఏనుగు బొమ్మ ఉంటుంది. ఆ ఏడాది చెక్కిన అచ్చులో తొండం పొట్టిగా పడి అది పందిలా కనిపించింది. జనం అభ్యంతరం చెప్పారు, చాలా బిళ్ళలు వెనక్కి తీసుకుని కరిగించారు, 1912 నుంచి తొండం, చెవులు స్పష్టంగా కనిపించేలా అచ్చు మార్చారు. అందుకే దీన్ని పంది రూపాయి అంటారు. ఆ సంవత్సరం ఉంటే దాన్ని విడిగా తీసి పెట్టండి.

దానికి పూర్తిగా ఎదురు 1918, 1919, 1920 రూపాయలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వానికి వెండి చాలక 1917లో కాగితం రూపాయి తేవాల్సి వచ్చింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి సుమారు 27 కోట్ల వెండి డాలర్లు కరిగించింది, అందులో ఎక్కువ భాగాన్ని ఇండియా అవసరం కోసం బ్రిటన్ కొనుక్కుంది. ఆ వెండితో ఇక్కడ రూపాయలు కోట్ల లెక్కన కొట్టారు. చరిత్ర ఎంత గొప్పదైనా అవి విరివిగా దొరుకుతాయి, కాబట్టి అరిగిన 1918 రూపాయికి వెండి విలువకు మించి పెద్దగా ఆశపడొద్దు. 1921, 1922 మాత్రం తక్కువగా వచ్చాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు మామూలు చెలామణికి రూపాయి బిళ్ళలు వెయ్యనే లేదు. ఎవరైనా 1925 లేదా 1930 తేదీ ఉన్న జార్జి రూపాయి చూపిస్తే అక్కడే అనుమానించండి. అర్ధరూపాయలు, పావలాలు మాత్రం ఆ కాలంలోనూ వచ్చాయి, అది గుర్తుంచుకోండి.

ఇక 1939. మంచి వెండితో కొట్టిన చివరి రూపాయి ఇదే, బయటికి వచ్చినవి బాగా తక్కువ. మిగతా జార్జి రూపాయలకు ఎన్నో రెట్లు పలుకుతుంది. అంత ధర కాబట్టే దీనికి నకిలీలూ ఎక్కువే. 1938 బిళ్ళలోని చివరి 8ని గీకి 9 చేసినవి కూడా తిరుగుతున్నాయి. మీ మూటలో 1939 కనబడితే సంతోషించే ముందు ఆ చివరి అంకె చుట్టూ ఉన్న ఖాళీ స్థలాన్ని భూతద్దంలో చూడండి. మిగతా చోట్ల లేని గరుకు, గుంట అక్కడ కనిపిస్తే అంకె మార్చినట్టే.

టంకశాల గుర్తుకి వస్తే, ఐదో జార్జి రూపాయి వెనక పూలదండ అడుగున చిన్న చుక్క ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా. విక్టోరియా, ఎడ్వర్డు బిళ్ళల మీద బి, సి అని చిన్న ఇంగ్లీషు అక్షరాలు ఉండొచ్చు. రెండో యుద్ధ కాలపు బిళ్ళల మీద ఎల్ ఉంటే లాహోర్.

హైదరాబాద్ సంస్థానంతో చుట్టరికాలున్న ఇళ్లలో చార్మినార్ బొమ్మ రూపాయలూ దొరుకుతాయి. అవి నిజాం హాలీ సిక్కా, 1903 ప్రాంతం నుంచి యంత్రం మీద కొట్టినవి. తేదీ హిజ్రీ లెక్కలో, ఉర్దూ అంకెల్లో ఉంటుంది. చార్మినార్ ద్వారంలో ఉన్న ఒక అక్షరాన్ని బట్టి ఏ నిజామో తెలుస్తుంది: మీమ్ అయితే మహబూబ్ అలీ ఖాన్, ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్.

తెలుగు అక్షరాలు ఉన్న పాత నాణెం దొరికితే జాగ్రత్తగా చూడండి. 20వ శతాబ్దపు అణా, రెండణాల బిళ్ళల మీద తెలుగు ఉంటుంది, కానీ అవి రాగి, నికెల్ కలిసినవి, వెండి కాదు. అదే బిళ్ళ మీద ఒక వైపు గోపురం, ఇంకో వైపు విష్ణుమూర్తి, చుట్టూ తెలుగు, తమిళ అక్షరాలు ఉంటే అది వేరే సంగతి. 19వ శతాబ్దం మొదట్లో మద్రాసులో కంపెనీ వెండితో వేసిన అర వరహా, పావు వరహాలు అలా ఉంటాయి. అలాంటిది నిజంగా మీ ఇంట్లో ఉంటే ఎవరికీ తొందరపడి ఇవ్వకండి.

తూచడం

పాత రూపాయి సరిగ్గా ఒక తులం. మాటవరసకు అంటున్నది కాదు. 1833లో కంపెనీ తులాన్ని 180 గ్రెయిన్లుగా స్థిరపరిచింది, రూపాయి బరువూ అంతే, అంటే 11.66 గ్రాములు. మద్రాసు తూనికలో మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక సేరు, అయిదు సేర్లు ఒక వీశె. మన ముత్తాతలు కొట్లో రూపాయి బిళ్ళను పెట్టి సరుకు తూచుకున్నది ఇందుకే. ఇప్పుడు చాలా కొట్లలో తులం అంటే పది గ్రాములు. కాబట్టి ‘తులం లెక్కన ఇస్తాం’ అని ఎవరైనా అంటే ఏ తులమో అడిగి, గ్రాముల్లోనే మాట్లాడండి.

గ్రాములో నూరో వంతు చూపించే చిన్న డిజిటల్ త్రాసు ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది, అది కొనుక్కోండి. రూపాయి 11.66, అర్ధరూపాయి 5.83, పావలా 2.92, వెండి బేడ 1.46 గ్రాములు ఉండాలి. చేతులు మారిన బిళ్ళలు కొంత అరుగుతాయి. 1906 నాణేల చట్టం ప్రకారమే రెండు శాతం దాకా తగ్గినా రూపాయిని రూపాయిగానే తీసుకోవాల్సి ఉండేది. అంటే 11.4 గ్రాముల దగ్గర ఉన్న పాత విక్టోరియా గురించి టెన్షన్ అక్కర్లేదు. పదిన్నరో, పన్నెండున్నరో చూపిస్తే అనుమానించాల్సిందే. దండలో వేసుకోవడానికి కొక్కెం అతికించిన బిళ్ళ అయితే బరువు పెరుగుతుంది, దాన్ని లెక్కలోంచి తియ్యండి.

బరువు తర్వాత ఎంత వెండి ఉందో చూడాలి. 1835 నుంచి 1939 తేదీ వరకు రూపాయిలో వెండి 91.7 శాతం, మిగతాది రాగి. 1940 నుంచి 1945 వరకు ఆరో జార్జి రూపాయిలో సగమే వెండి, 40 శాతం రాగి, నికెల్, జింకు అయిదేసి శాతం. వాటి అంచుల గీతల మధ్యలో నకిలీలు చెయ్యకుండా ఒక ప్రత్యేకమైన గాడి కూడా పెట్టారు. 1947 రూపాయి మీద పులి ఉంటుంది, చూడ్డానికి తెల్లగా మెరుస్తుంది, అది అచ్చంగా నికెల్. అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంటుంది. నిజాం రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం.

స్వాతంత్ర్యం తర్వాతి వాటిలో 1969 గాంధీ శతజయంతి పది రూపాయల బిళ్ళ 15 గ్రాములు, 80 శాతం వెండి. 1972 స్వాతంత్ర్య రజతోత్సవం పది రూపాయలు 22.5 గ్రాములు, సగం వెండి. 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం 35 గ్రాములు, దాని మిశ్రమం 1940ల నాటి రూపాయిలో ఉన్నదే. నెహ్రూ బొమ్మ ఉన్న 1964 రూపాయి వెండిది కాదు, దాన్ని చాలామంది వెండి అనుకుని దాస్తున్నారు.

నీళ్ల పరీక్ష

గీటురాయి మీద గీయించకండి, అంచున గీత పడితే బిళ్ళ విలువ పోతుంది. ఇంట్లోనే చేసుకునే మంచి పరీక్ష ఒకటి ఉంది. త్రాసు మీద చిన్న గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పెట్టి త్రాసును సున్నాకి తెండి. బిళ్ళను సన్నని దారంతో ఉరివేసి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకి గానీ గోడలకు గానీ తగలకుండా వేలాడదీయండి. త్రాసు చూపించే అంకె రాసుకోండి. పొడి బిళ్ళ బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. మంచి వెండి రూపాయి అయితే త్రాసు సుమారు 1.13 చూపిస్తుంది, భాగిస్తే 10.3 దగ్గరకు వస్తుంది. సగం వెండి రూపాయి అయితే 1.22 దగ్గర చూపిస్తుంది, సాంద్రత తొమ్మిదిన్నర ఉంటుంది. రాగి, నికెల్ కలిపిన నకిలీ అయితే అంకె 1.3 దాటుతుంది. బిళ్ళకు గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, రెండు మూడు సార్లు చెయ్యండి. అయిపోయాక బిళ్ళను అద్ది పూర్తిగా ఆరనివ్వండి.

ఇంకా అనుమానం ఉంటే హాల్‌మార్కింగ్ సెంటర్లోనో, పెద్ద నగల షాపులోనో ఉండే క్యారెట్ మీటర్ మీద పెట్టించండి. అది ఎక్స్‌రేతో చూస్తుంది, బిళ్ళకు ఏ దెబ్బా తగలదు. పైపొరనే చదువుతుంది కాబట్టి మందంగా వెండి పూత ఉన్నవాటి విషయంలో నీళ్ల పరీక్షను కూడా కలిపి చూసుకోండి.

నకిలీలు, బూటకాలు

అచ్చు పోసి చేసిన నకిలీ మీద అక్షరాల అంచులు మెత్తగా, కరిగినట్టు ఉంటాయి, ఖాళీ స్థలంలో సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు కనిపిస్తాయి. అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉంటుంది. అసలు బిళ్ళను యంత్రం బలంగా ఒత్తింది, దాని అక్షరాలు గోడలా నిటారుగా లేస్తాయి. అరిగినా ఆ తేడా తెలుస్తుంది. మీ దగ్గరున్న ఒక కచ్చితమైన 1918 బిళ్ళను పక్కన పెట్టుకుని చూడటం అన్నిటికన్నా మంచి పాఠం.

హార్బర్ ఊరు కాబట్టి ఇక్కడ పెద్ద సైజు డాలర్లు కూడా చేతికి వస్తుంటాయి. త్రిశూలం పట్టుకుని నిలబడ్డ స్త్రీ ఉన్న బ్రిటిష్ ట్రేడ్ డాలర్, అమెరికన్ మోర్గాన్ డాలర్. ఈ రెండింటికీ నకిలీలు కుప్పలుగా ఉన్నాయి. రెండూ 90 శాతం వెండే. ట్రేడ్ డాలర్ 26.95 గ్రాములు, మోర్గాన్ 26.73 గ్రాములు ఉండాలి. తూచకుండా కొనకండి.

బీచ్ రోడ్డులోనూ, గుళ్ల దగ్గరా ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని రాసి, హనుమంతుడో, రామపట్టాభిషేకమో ఉన్న బిళ్ళలు అమ్ముతుంటారు. అవి కంపెనీ నాణేలు కావు, తర్వాత ఎవరో తయారు చేసిన బొమ్మబిళ్ళలు. భక్తితో ఇంట్లో పెట్టుకోండి, పురాతన నాణెం అని డబ్బు పెట్టొద్దు.

రైస్ పుల్లింగ్ గురించి గట్టిగానే చెప్పాలి. బియ్యం గింజలను లాక్కునే నాణెం ఉందని, దానికి కోట్లు ఇచ్చే కంపెనీ ఉందని, ముందు పరీక్ష ఖర్చులకు కొంత కట్టాలని వచ్చేవాళ్లు ఉన్నారు. అలాంటి నాణెం లేదు. అది అచ్చమైన మోసం, మన జిల్లాల్లో కుటుంబాలు దీనివల్ల అప్పులపాలయ్యాయి. అలాగే రిజర్వ్ బ్యాంకు పేరు, గుర్తు వాడి ‘మీ పాత నాణెం లక్షలకు కొంటాం, కమిషన్ పంపండి’ అనే ఫోన్లు. తాము ఇలాంటి వ్యాపారం చెయ్యమని, ఎవరినుంచీ చార్జీ వసూలు చెయ్యమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. డబ్బు ముందు అడిగినవాడికి ఫోన్ పెట్టెయ్యండి.

అరుగుదల చూసి తరగతి వెయ్యడం

ఒకే సంవత్సరం, ఒకే టంకశాల, అయినా ఒకదానికి వెండి ధర, ఇంకోదానికి దానికి పదింతలు. తేడా అంతా అరుగుదలలోనే. ముందుగా అరిగేది ఎత్తుగా ఉన్న చోటు. విక్టోరియాలో చెవి మీది జుట్టు, చెంప, కిరీటం మీది ముత్యాలు చూడండి. ఎడ్వర్డులో చెవి, మీసం. ఐదో జార్జిలో కిరీటం, హారంలోని ఏనుగు. ఏనుగు తొండం, కాళ్లు విడివిడిగా కనిపిస్తే బిళ్ళ చాలా బాగుందనే అర్థం. ఆకారం మాత్రమే మిగిలితే మధ్యరకం. అక్కడ నున్నగా ఉంటే తూకానికి దగ్గర్లో ఉన్న బిళ్ళ.

ఇంగ్లీషులో ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రా ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అంటారు. ఫైన్ అనగానే బ్రహ్మాండం అనుకోకండి, అది బాగానే అరిగిన బిళ్ళ. అన్‌సర్క్యులేటెడ్ అంటే చెలామణిలోకే వెళ్లనిది. వెలుతురులో బిళ్ళను మెల్లగా తిప్పితే చక్రంలోని ఆకుల్లా మెరుపు తిరుగుతుంది. తోమిన బిళ్ళ ఆ పని చెయ్యదు, అంతటా ఒకేలా తెల్లగా వెలుగుతుంది.

కొక్కెం అతికించినవి, బెజ్జం పెట్టినవి సేకరణ విలువను దాదాపు పోగొట్టుకుంటాయి. అమ్మమ్మ మెడలో వేసుకున్న రూపాయి బిళ్ళల దండ అయితే మాత్రం బిళ్ళల్ని విడగొట్టొద్దని నా మాట. దండగా దానికి ఉన్న విలువ వేరు, విడగొడితే మిగిలేది గాయపడిన బిళ్ళలు.

వెల కట్టడం

ముందు అడుగు ధర వెయ్యండి. బరువు, వెండి శాతం, ఆ రోజు గ్రాము ధర, ఈ మూడూ గుణిస్తే చాలు. మంచి వెండి రూపాయిలో శుద్ధ వెండి 10.69 గ్రాములు. లెక్క సులువుగా ఉండటానికి గ్రాము వంద రూపాయలు అనుకుంటే 1,069 రూపాయలు. 1940ల సగం వెండి రూపాయికి 583. నిజాం రూపాయికి 914. మీరు లెక్క వేసే రోజున పత్రికలో వచ్చిన ధర పెట్టి చూసుకోండి. ఏ బిళ్ళనూ ఇంతకన్నా బాగా తక్కువకు ఇవ్వాల్సిన పని లేదు. కొట్టువాడు తరుగు కొంత తీస్తాడు, అది ఎంతో ముందే అడగండి. 1940ల బిళ్ళలూ, మంచి వెండి బిళ్ళలూ కలిపి ఒకే ధర చెబితే ఒప్పుకోవద్దు. విడివిడిగా తూకం వేయించండి.

ఇక అడుగు ధర మీద ఎంత అన్నది అరుదుతనం, అరుగుదల చెబుతాయి. ఆన్‌లైన్ అమ్మకాల సైట్లలో 1862 రూపాయి లక్ష అని పెట్టి ఉంటారు. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. అడిగిన ధర చూడకండి, అమ్ముడైన ధర చూడండి. ముంబైలోని టోడీవాలా, బెంగళూరులోని మరుధర్ లాంటి వేలం సంస్థల పాత వేలాల ఫలితాల్లో ఫోటోతో సహా పలికిన ధరలు ఉంటాయి. మీ బిళ్ళతో సమానంగా అరిగిన బిళ్ళ ఏదో వెతికి దాని ధర పట్టుకోండి. రకాలు, బరువులు సరిచూసుకోవడానికి నాణేల వివరాలు ఉండే న్యూమిస్టా వెబ్‌సైట్ ఉచితం, ఉపయోగం.

1939, మంచి స్థితిలో ఉన్న 1911, 1835, 1840 లాంటివి ఉంటే పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలతో పరీక్ష చేయించి సీలు వేయించే మార్గం ఉంది. దానికి ఖర్చవుతుంది. మామూలు 1918 బిళ్ళకు ఆ ఖర్చు దండగ.

సముద్రం గాలిలో దాచడం

విశాఖ గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉన్నాయి. సాగరతీరానికి దగ్గర్లో ఉన్న ఇంట్లో నాణెం మూడు ఎండాకాలాలు బయట ఉంటే రంగు మారిపోతుంది. ఒక్కో బిళ్ళను మైలార్ అనే గట్టి పారదర్శక ప్లాస్టిక్ కవరులోనో, అట్టముక్కల మధ్య పారదర్శక కిటికీ ఉన్న హోల్డర్‌లోనో పెట్టండి. మెత్తగా సాగే పీవీసీ కవర్లు కొనకండి, కొన్నేళ్లకు వాటి నుంచి పచ్చటి జిగురు కారి నాణేన్ని తినేస్తుంది. రబ్బరు బ్యాండు, న్యూస్‌పేపర్, రంగు వేసిన ఉన్నిగుడ్డ, చెక్క పెట్టె వద్దు. కర్పూరం, కలరా ఉండలు కూడా దగ్గర పెట్టొద్దు. అన్నిటినీ గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, వానాకాలం ముందు పొట్లాలు మార్చండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీలు ఊడి, బీరువాల్లోకి కూడా వాన నీళ్లు వెళ్లిన ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నో. డబ్బాను నేలకు ఎత్తుగా పెట్టండి. ప్రతి బిళ్ళకు రెండు వైపులా ఫోటో, బరువు, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఒక వాక్యం రాసి ఫోన్‌లోనూ, ఇంకోచోటా ఉంచండి. ‘నాన్నమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చినవి’ అని రాసి ఉన్న మూటకూ, ఏమీ రాయని మూటకూ రేపు మీ పిల్లలు చూసే చూపులో తేడా ఉంటుంది.

కొనాలన్నా, అమ్మాలన్నా

కొత్తగా సేకరణ మొదలుపెడితే ఒక్క రాజునే ఎంచుకోండి. ఎడ్వర్డు రూపాయలు నాకు ఇష్టం, ఎనిమిదేళ్ల తేదీలే కాబట్టి పూర్తి చెయ్యడం సాధ్యమవుతుంది, పెద్దగా అరుదైనవీ లేవు. చార్మినార్ బిళ్ళలు కూడా మంచి మొదలు. అసలు నాణేలు కళ్లారా చూడాలంటే హైదరాబాద్ సైఫాబాద్‌లోని పాత టంకశాలలో ఇప్పుడు మ్యూజియం ఉంది. విజయవాడ బాపు మ్యూజియంలోనూ నాణేలు ఉన్నాయి.

అమ్మేటప్పుడు మొత్తం మూట ఒక్కరి ముందు కుమ్మరించకండి. మీ జాబితా, ఫోటోలు ఇద్దరు ముగ్గురు డీలర్లకు చూపించి ధర అడగండి. డీలర్ తన లాభం చూసుకునే ధర చెబుతాడు, అది న్యాయమే. వేలంలో ఎక్కువ రావచ్చు, కానీ కమిషన్, ఎదురుచూపు ఉంటాయి. అరిగిన 1918, 1919 బిళ్ళలు కరిగించడానికే వెళ్లాల్సి వస్తే, వాటిలో ఒకటైనా ఇంట్లో ఉంచండి. బిల్లు తప్పకుండా తీసుకోండి.

చట్టంలో రెండు సంగతులు తెలిసి ఉండాలి. పునాది తవ్వుతుంటే నేలలో దొరికిన నాణేలు మీవి అనుకుని అమ్మకూడదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉంటే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి, దాచిపెడితే జైలు కూడా ఉంది. తొట్లకొండ, బావికొండ లాంటి పాత బౌద్ధ స్థలాల్లో నేల మీద ఏది కనిపించినా ముట్టుకోవద్దు. తొట్లకొండ తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఏ నాణెం ఏ పొరలో, ఏ గోడ పక్కన ఉందో తెలిస్తేనే దాని చరిత్ర తెలుస్తుంది, జేబులోకి వెళ్తే అది పోతుంది.

రెండోది, 1972 పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన నాణేన్ని మామూలు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. అమెరికాలో ఉన్న కొడుక్కి, కూతురికి విక్టోరియా బిళ్ళలు సూట్‌కేసులో పెట్టి పంపే అలవాటు మన ఇళ్లలో ఉంది, విదేశీ వెబ్‌సైట్‌లో అమ్మకానికి పెట్టి పార్శిల్ చేసేవాళ్లూ ఉన్నారు. 1862, 1877, 1904 ఏవైనా ఈ నిషేధం కిందకే వస్తాయి. ఏటా ఇంకో సంవత్సరపు జార్జి బిళ్ళలు ఇందులో చేరుతుంటాయి. వాళ్లకు ఇవ్వాలనుకుంటే ఇక్కడి బ్యాంకు లాకర్‌లో వాళ్ల పేరు రాసి ఉంచండి, ఫోటోలు పంపండి.